వదలడానికీ శక్తి కావాలి: కండరం లోపల జరిగేది ఏమిటి

క్లుప్తంగా

కండరం బిగుసుకున్నప్పుడు అందులోని తంతువులేవీ పొట్టివి కావు, ఒకదాని పక్కగా ఒకటి జారతాయి. వాటిని లాగేవి మయోసిన్ అనే ప్రోటీన్ తలలు. లాగడానికి అనుమతి ఇచ్చేది కాల్షియం. పట్టుకున్న తల పట్టు వదలాలంటే కణాలకు ఇంధనంలా పనిచేసే ఏటీపీ అనే అణువు కావాలి. శవం కొయ్యబారడానికి, గుండె సడలలేకపోవడానికి, కొండ దిగిన మర్నాడు తొడలు నొప్పెట్టడానికి మూలం ఈ పట్టువిడుపుల్లోనే ఉంది.

కండరం "సంకోచిస్తుంది" అని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. సంకోచం అంటే మొహమాటం అనే అర్థం కూడా ఉందనుకోండి, చిక్కు దానితో కాదు. తడిసిన నూలుబట్ట ముడుచుకుపోయినట్టు కండరంలోని పదార్థమే చిన్నదైపోతుందన్న ఊహ ఆ మాట వెంట వచ్చేస్తుంది. అసలు సంగతి వేరు. జిమ్ కబుర్లలో, ఆస్పత్రి రిపోర్టుల్లో ఏటీపీ, క్రియాటిన్, ట్రోపోనిన్, లాక్టిక్ యాసిడ్ అనే మాటలు ఇప్పుడు తరచూ వినిపిస్తున్నాయి. విడివిడిగా విన్నప్పుడు గందరగోళం పుట్టించే ఈ మాటలన్నీ ఒకే యంత్రానికి సంబంధించినవి.

ఉబ్బే తిత్తి కాదు

చెయ్యి మడిచి కండ బిగిస్తే అది ఉబ్బినట్టు కనిపిస్తుంది. నరాల గుండా ఏదో సూక్ష్మమైన జీవశక్తి కండలోకి దిగుతుందన్న ఊహ 2వ శతాబ్దపు వైద్యుడు గేలెన్ నాటికే ఉంది. 17వ శతాబ్దంలో డెకార్ట్ దాన్ని ఇంకొంచెం ముందుకు తీసుకెళ్లి, ఆ శక్తి వచ్చి నిండడం వల్లే కండ ఉబ్బి పొట్టిదవుతుందన్నాడు. కంటికి కనిపించేదానికి సరిపోయే వివరణే అది.

దాన్ని తేల్చడానికి డచ్ శాస్త్రజ్ఞుడు యాన్ స్వామర్‌డామ్ ఒక సులువైన పరీక్ష చేశాడు. కప్ప కండరాన్ని గాలి చొరబడని గాజు గొట్టంలో పెట్టి, గొట్టం సన్నటి కొనలో ఒక నీటి బొట్టు ఉంచాడు. కండరం ఉబ్బితే లోపలి గాలి ఆ బొట్టును పైకి నెట్టాలి. నరాన్ని గిల్లితే కండరం బిగిసింది కానీ బొట్టు పైకి జరగలేదు. బయటి నుంచి ఏదీ వచ్చి చేరలేదన్నమాట. కండ పొట్టిదైనంత మేర లావవుతుంది, మొత్తం పరిమాణం మాత్రం మారదు. స్వామర్‌డామ్ 1680లో చనిపోయాడు. ఈ పరీక్ష వివరాలు అచ్చయింది ఆ తర్వాత అర్ధ శతాబ్దానికి పైగా గడిచాకే. ఉబ్బడం లేదని తేలింది. మరి పొట్టిదెలా అవుతోందన్న ప్రశ్నకు జవాబు దొరకడానికి 1954 దాకా ఆగాల్సి వచ్చింది.

కట్టలో కట్ట, పోగులో పోగు

ఎముకలను కదిలించే కండరాలు మనిషి ఒంట్లో 600కు పైగా ఉన్నాయి. పెద్దవారి బరువులో మూడో వంతు నుంచి 40 శాతం దాకా వీటిదే. ఒక్కో కండరం చుట్టూ గట్టి పొర ఉంటుంది. దాని లోపల మళ్లీ విడివిడి పొరల్లో చుట్టిన కట్టలు, ఒక్కో కట్టలో ఎన్నో కండర కణాలు ఉంటాయి. ఈ పొరలన్నీ చివరికి ఏకమై, ఎముకకు అతుక్కునే తెల్లటి టెండన్‌గా మారతాయి. ప్రతి కణం పుట్టించే బలం ఎముక దాకా చేరేది వీటి ద్వారానే.

కండర కణం మిగతా కణాల్లాంటిది కాదు. వెడల్పు 10 నుంచి 100 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అంటే ఎంత లావైనా దాదాపు వెంట్రుకంతే. పొడవు మాత్రం సెంటీమీటర్లలో ఉంటుంది. పిండదశలో ఎన్నో చిన్న కణాలు కలిసిపోయి ఇది ఏర్పడుతుంది కాబట్టి ఒకే కణంలో వందల కేంద్రకాలు ఉంటాయి. ఇలా తయారయ్యాక అది మళ్లీ విభజన చెందదు. దెబ్బ తగిలితే బాగుచేసేవి పక్కనే నిద్రపోతున్నట్టుండే శాటిలైట్ కణాలు. వాటిని 1961లో అలెగ్జాండర్ మౌరో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో గుర్తించాడు. వ్యాయామంతో కండ పెరగడమంటే ప్రధానంగా ఉన్న కణాలే లావు కావడం. అలాగే కసరత్తు మానేస్తే కండ కొవ్వుగా మారిపోతుందన్న మాటా నిజం కాదు. అవి రెండూ వేర్వేరు కణజాలాలు. ఒకటి తగ్గుతున్న కాలంలోనే రెండోది పెరగవచ్చు, అంతే.

ఒక్కో కణం లోపల ఒకటి రెండు మైక్రాన్ల మందాన మయోఫైబ్రిల్ అనే సన్నటి పోగులు పక్కపక్కనే పేర్చి ఉంటాయి. పోగు పొడవునా అడ్డంగా ఒక చీకటి పట్టీ, ఒక వెలుగు పట్టీ మారి మారి కనిపిస్తాయి. "రేఖిత కండరం" అన్న పేరు అందుకే వచ్చింది. ఈ పట్టీలు ఏర్పడేది సార్కోమియర్ అనే చిన్న గదుల వరస వల్ల. ఒక్కో గది పొడవు సుమారు 2.2 మైక్రాన్లు. గదికి రెండు వైపులా ఉన్న గోడల నుంచి ఆక్టిన్ అనే సన్నటి తంతువులు లోపలికి చొచ్చుకుని ఉంటాయి. మధ్యలో మయోసిన్‌తో చేసిన లావు తంతువులు ఉంటాయి. లావు తంతువులను గోడకు కట్టి ఉంచేది టైటిన్. మనిషి ఒంట్లోని ప్రోటీన్లన్నిటిలో అతి పెద్దదైన ఇది స్ప్రింగులా పనిచేస్తుంది.

10 సెంటీమీటర్ల పోగులో ఇలాంటి గదులు దాదాపు 45,000 ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. ఒక్కో గది మైక్రాన్‌లో ఐదో వంతు పొట్టిదైనా మొత్తం పోగు 9 మిల్లీమీటర్లు పొట్టిదవుతుంది. కంటికి అందని కదలిక చెయ్యి లేపేంత కదలిక కావడం వెనక ఉన్న లెక్క ఇదే.

అగ్గిపెట్టె అర

1954 మే నెలలో నేచర్ పత్రిక ఒకే సంచికలో రెండు వ్యాసాలు వచ్చాయి. ఒకటి ఆండ్రూ హక్స్‌లీ, రోల్ఫ్ నీడెర్గెర్కే రాసినది. రెండోది హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్ రాసినది. ఇద్దరు హక్స్‌లీలకూ చుట్టరికం లేదు. వేర్వేరు పద్ధతుల్లో చూసినా రెండు జట్లకూ ఒకే సంగతి కనిపించింది. కండరం పొట్టిదైనప్పుడు వెలుగు పట్టీ సన్నబడుతోంది, చీకటి పట్టీ మాత్రం అంతే ఉంటోంది.

చీకటి పట్టీ అంటే మయోసిన్ తంతువుల పొడవే. అది మారడం లేదంటే తంతువులు ముడుచుకోవడం లేదు. సగం తెరిచిన అగ్గిపెట్టెను మూస్తే లోపలి అర చిన్నదవదు, పై డొక్కూ చిన్నదవదు. అయినా మొత్తం పొడవు తగ్గుతుంది. కండరంలో జరిగేదీ అదే. ఆక్టిన్ తంతువులు రెండు వైపుల నుంచీ మయోసిన్ల మధ్యకు జారి, గోడలను దగ్గరకు లాగుతాయి. ప్రోటీన్లే మడతపడి పొట్టివవుతాయన్న ఆలోచన అప్పటికి బాగా చలామణీలో ఉండటంతో ఈ జారుడు సిద్ధాంతం అందరికీ ఒప్పుదల కావడానికి ఇంకొన్నేళ్లు పట్టింది.

పట్టు, లాగు, వదులు

జారడం సరే, జార్చేది ఏది? ఒక్కో లావు తంతువులో సుమారు 300 మయోసిన్ అణువులు ఉంటాయి. ఒక్కోదానికి రెండు తలలు. ఆ తలలు పక్కనున్న ఆక్టిన్‌ను పట్టుకుని, మెడ వంచి లాగి, వదిలి, మళ్లీ ఇంకొంచెం ముందుకు పట్టుకుంటాయి. ఒక్క లాగుడులో జరిగే దూరం 5 నుంచి 10 నానోమీటర్లు (నానోమీటరు మైక్రాన్‌లో వెయ్యో వంతు). నూతిలోంచి చేద లాగేటప్పుడు చేతులు మార్చి మార్చి తాడు పట్టుకున్నట్టే ఇదీ. ఒక చెయ్యి వదిలినప్పుడు రెండోది పట్టుకుని ఉండబట్టే చేద జారిపోదు. మయోసిన్ తలలు కూడా అందుకే ఒక్కోటి ఒక్కో సమయంలో పట్టుకుంటాయి.

ఇందులో ఏటీపీ పాత్ర గురించే ఎక్కువ మంది పొరబడేది. ఏటీపీ ఇంధనం కాబట్టి లాగే క్షణంలోనే అది కాలుతుందని అనిపిస్తుంది. జరిగే వరస వేరు. ఆక్టిన్‌కు అతుక్కుని ఉన్న తల దగ్గరకు ఏటీపీ వచ్చి చేరగానే పట్టు వదులవుతుంది. వదిలాక ఆ ఏటీపీ ఏడీపీగా, ఫాస్ఫేట్‌గా విడిపోతుంది. ఆ శక్తితో తల వెనక్కి వంగి, ఎక్కుపెట్టిన విల్లులా నిలుస్తుంది. తర్వాత ఆక్టిన్‌ను పట్టుకుంటుంది. ఫాస్ఫేట్ బయటపడే దశలో మెడ విసురుగా తిరిగి తంతువును లాగుతుంది. ఆ వెంట ఏడీపీ కూడా వెళ్లిపోతుంది. ఇప్పుడు తల ఆక్టిన్‌కు గట్టిగా అతుక్కుని ఉండిపోతుంది. మళ్లీ కొత్త ఏటీపీ వస్తేనే విడుదల.

అంటే శక్తి ఖర్చయ్యేది విల్లు ఎక్కుపెట్టడానికి. ఏటీపీ రాక వల్ల వెంటనే జరిగేది మాత్రం వదలడం. పరుగుపందేల కండరాలకూ, గంటల తరబడి ఒళ్లు నిలబెట్టే కండరాలకూ తేడా ఈ వదలడంలోనే పుడుతుంది. బరువేమీ లేనప్పుడు కండరం ఎంత వేగంగా పొట్టిదవగలదో నిర్ణయించేది తలలు ఎంత త్వరగా పట్టుకుంటాయన్నది కాదు, ఎంత త్వరగా వదులుతాయన్నది. వదలని ఒక్క తల పక్కవాటికి బ్రేకులా అడ్డం పడుతుంది. వేగపు కణాల మయోసిన్ నుంచి ఏడీపీ తొందరగా బయటపడుతుంది, నిదానపు కణాల్లో ఆలస్యమవుతుంది. నిదానపు కణాలు తక్కువ ఏటీపీతో ఎక్కువసేపు పట్టు నిలుపుకోవడానికీ అదే కారణం.

కుళాయి నీళ్లు చెప్పిన రహస్యం

మయోసిన్ తలలు ఎప్పుడూ సిద్ధంగానే ఉంటే కండరం ఎప్పుడూ బిగిసే ఉండాలి కదా. అలా జరగకుండా ఆపేది కాల్షియం లేకపోవడం. ఈ సంగతి లండన్‌లో సిడ్నీ రింగర్ ప్రయోగాల్లో 1880ల ఆరంభంలో దాదాపు అనుకోకుండా బయటపడింది. ఉప్పునీటి ద్రావణంలో కప్ప గుండె చక్కగా కొట్టుకుంటూ ఉండేది. తీరా చూస్తే ఆ ద్రావణాన్ని డిస్టిల్డ్ వాటర్‌తో కాకుండా కుళాయి నీళ్లతో కలిపారని తేలింది. శుద్ధమైన నీళ్లతో చేసి చూస్తే గుండె ఆగిపోయింది. కుళాయి నీళ్లలోని కాల్షియమే తేడా.

ఆ కాల్షియం ఎక్కడ పనిచేస్తుందో తేలడానికి మరో 80 ఏళ్లు పట్టింది. జపాన్ శాస్త్రజ్ఞుడు సెట్సురో ఎబాషీ బృందం 1960లలో ట్రోపోనిన్‌ను కనుక్కుంది. ఆక్టిన్ మీద తల పట్టుకునే చోట్లను ట్రోపోమయోసిన్ అనే పొడవాటి ప్రోటీన్ కప్పి ఉంచుతుంది. కాల్షియం వచ్చి ట్రోపోనిన్‌కు తగిలితే ఆ కప్పు పక్కకు జరుగుతుంది. ఛాతీ నొప్పితో వచ్చినవారికి చేసే ట్రోపోనిన్ రక్తపరీక్ష వెతికేది ఈ ప్రోటీన్‌నే. గుండె కణాలు దెబ్బతిన్నప్పుడు అది రక్తంలోకి కారుతుంది. గుండెలోని ట్రోపోనిన్ రూపం వేరు కాబట్టి ఆ కారడం గుండె నుంచేనని చెప్పడానికి వీలవుతుంది.

నరం నుంచి కండ దాకా సంకేతం ఎలా వస్తుందో వేగంగా చెప్పుకోవచ్చు. నరం కొస ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని వదులుతుంది. కణం పైపొర మీద విద్యుత్ అల లేచి, లోపలికి దిగిన సన్నటి గొట్టాల గుండా కణమంతా పాకుతుంది. గొట్టాలను ఆనుకుని ఉన్న సంచుల్లోంచి కాల్షియం ఒక్కసారి బయటకు వస్తుంది. ఇదంతా కొన్ని మిల్లీసెకన్ల పని. ముడతలు పోవడానికి ఇచ్చే బోటాక్స్ ఎసిటైల్‌కోలిన్ విడుదలను ఆపుతుంది. బాణాలకు పూసే క్యురారే విషం ఆ రసాయనాన్ని కండ అందుకునే చోటును మూసేస్తుంది. కండ చచ్చుబడేది రెంటివల్లా, దారులు వేరు.

సడలడం మాత్రం ఊరికే జరగదు. బయటకు వచ్చిన కాల్షియాన్ని మళ్లీ సంచుల్లోకి తోడాలి. తోడే పంపులకు ఏటీపీ కావాలి. కదలకుండా బరువు పట్టుకుని నిలబడ్డప్పుడు కండరం ఖర్చు పెట్టే ఏటీపీలో సుమారు మూడో వంతు ఇలా తోడడానికే పోతుంది. గోడను నెట్టినా అది కదలకపోతే భౌతికశాస్త్రం లెక్కలో పని సున్నా. కండరం లెక్కలో మాత్రం తలలు పట్టుకుని వదులుతూనే ఉంటాయి, పంపులు తోడుతూనే ఉంటాయి. అలసట అందుకే.

వదలలేనప్పుడు

ప్రాణం పోయాక ఏటీపీ తయారీ ఆగుతుంది. పంపులు ఆగి కాల్షియం కణంలోకి కారుతుంది, తలలు ఆక్టిన్‌ను పట్టుకుంటాయి, విడిపించడానికి ఏటీపీ ఉండదు. కొన్ని గంటల్లో దవడ, మెడ బిగుసుకోవడం మొదలై, సుమారు 12 గంటలకు ఒళ్లంతా కొయ్యబారుతుంది. ఒకటి రెండు రోజుల తర్వాత ఆ బిగువు సడలేది పట్టు వదలడం వల్ల కాదు, ప్రోటీన్లే విచ్ఛిన్నం కావడం వల్ల. వేడిని బట్టి, చనిపోయే ముందు ఒంటి శ్రమను బట్టి ఈ గంటలు మారతాయి.

పిక్క పట్టేయడం పైకి ఇలాగే ఉన్నా అసలు విషయం వేరు. "నరం పట్టేసింది" అంటారు గానీ పట్టేసేది కండరమే. అయితే ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు, ఎందుకంటే అక్కడ నరం నుంచి సంకేతాలు ఆగకుండా వస్తూ ఉంటాయి. ఏటీపీకి కొరత ఉండదు. కండరాన్ని మెల్లగా సాగదీస్తే వదులుతుంది. కొయ్యబారిన కండరంలో విద్యుత్ సంకేతమే ఉండదు.

మూడో ఉదాహరణ అరుదైనది, కానీ ప్రమాదకరమైనది. సంచుల్లోంచి కాల్షియం వదిలే ద్వారం కొందరిలో పుట్టుకతోనే లోపంతో ఉంటుంది. కొన్ని రకాల మత్తుమందులు ఇస్తే అది తెరుచుకుని ఉండిపోతుంది. ఒళ్లు బిగుసుకుని, పంపులూ తలలూ ఆగకుండా ఏటీపీ ఖర్చు చేస్తూ జ్వరం విపరీతంగా పెరుగుతుంది. డాంట్రోలీన్ అనే మందు ఆ ద్వారాన్ని అడ్డుకుంటుంది. ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ సమయంలో ఇలా జరిగి ఉంటే మత్తు డాక్టరుకు ముందే చెప్పాలనేది అందుకే.

బలం, అలసట, మర్నాటి నొప్పి

ఒక నాడీకణం, దాని కింద పనిచేసే కండర కణాలు కలిపి ఒక జట్టు. కన్ను తిప్పే కండరాల్లో ఒక జట్టుకు పది కణాలే ఉండవచ్చు, పిక్కలో వెయ్యికి పైగా ఉంటాయి. చిన్న పనికి చిన్న జట్లు, బరువు పెరిగేకొద్దీ పెద్ద జట్లు వరసగా దిగుతాయి. వ్యాయామం మొదలుపెట్టిన తొలి వారాల్లో కండ పెరగకుండానే బలం పెరిగినట్టు తెలిసేది నాడీ వ్యవస్థ ఎక్కువ జట్లను పిలవడం నేర్చుకోవడం వల్లే.

కండరంలో సిద్ధంగా ఉండే ఏటీపీ పూర్తి బలంతో చేసే పనికి రెండు మూడు సెకన్లు చాలుతుంది. కండలోనే నిల్వ ఉండే క్రియాటిన్ ఫాస్ఫేట్ దాన్ని సుమారు 10 సెకన్ల దాకా పూరిస్తుంది. ఆ తర్వాత గ్లూకోజ్‌ను గాలి అవసరం లేకుండా విడగొట్టడం, ఇంకా ఎక్కువసేపైతే కణంలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలో ఆక్సిజన్‌తో కాల్చడం ప్రధానమవుతాయి. ఎంత అలసినా కణంలో ఏటీపీ మాత్రం పూర్తిగా అడుగంటదు. అంతకు ముందే కాల్షియం విడుదల, తలల బలం తగ్గిపోతాయి. ఇది లోపంలా కనిపించినా రక్షణే. లేదంటే పరుగు చివర్లో కాళ్లు కొయ్యబారేవి.

మర్నాటి నొప్పికి లాక్టిక్ యాసిడ్ కారణమన్న మాట ఇంకా వినిపిస్తూనే ఉంది. వ్యాయామం ఆపిన గంటా గంటన్నరలో రక్తంలో లాక్టేట్ మామూలు స్థాయికి వస్తుంది, నొప్పి మాత్రం ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ముదురుతుంది. లాక్టేట్‌ను గుండె కూడా ఇంధనంగా వాడుకుంటుంది. నొప్పికి బలమైన కారణం కండరం బిగిసి ఉండగానే బయటి బరువు దాన్ని సాగదీయడం. కొండ దిగేటప్పుడు తొడల్లో జరిగేది ఇదే. అక్కడ చాలా తలలు ఏటీపీతో పద్ధతిగా వదలవు, బలవంతంగా ఊడదీయబడతాయి. అందుకే దిగడానికి శక్తి ఖర్చు తక్కువ, ఒక్కో పోగు మీద పడే లాగుడు ఎక్కువ. ఎక్కినప్పుడు ఆయాసం, దిగిన మర్నాడు నొప్పి.

గుండె, పేగులు: అదే మోటారు, వేరే నడక

గుండె కండరంలోనూ సార్కోమియర్లు ఉన్నాయి. కానీ ఒక్కో విద్యుత్ అల 200 నుంచి 300 మిల్లీసెకన్లు సాగుతుంది, అది ముగిసేదాకా గుండె కణం ఇంకో సంకేతాన్ని అందుకోదు. చేతి కండరంలా గుండె బిగిసి ఉండిపోకుండా ఈ ఏర్పాటే కాపాడుతుంది. రక్తం నిండేది సడలినప్పుడే కాబట్టి, రోజుకు సుమారు లక్షసార్లు వదలడం కొట్టుకోవడమంత ముఖ్యం. రక్తసరఫరా తగ్గినప్పుడు తొలుత దెబ్బతినే వాటిలో ఈ సడలే సామర్థ్యం ఒకటి.

పేగులు, రక్తనాళాల గోడల్లోని అరేఖిత కండరంలో గదుల వరస లేదు, ట్రోపోనిన్ లేదు. కాల్షియం అక్కడ కాల్‌మాడ్యులిన్ అనే ప్రోటీన్ ద్వారా మయోసిన్‌నే మేల్కొలుపుతుంది. కొన్ని పరిస్థితుల్లో పట్టుకున్న తలలు చాలా ఆలస్యంగా వదులుతాయి. రక్తనాళం గంటల తరబడి బిగువుగా ఉండి కూడా అతి తక్కువ ఏటీపీతో సరిపెట్టుకోగలిగేది ఆ ఆలస్యం పుణ్యానే.

మందుల తయారీలో ఈ అవగాహన ఇప్పుడు నేరుగా వాడుకలోకి వస్తోంది. కొందరిలో వంశపారంపర్యంగా గుండె గోడలు మందమై, అవసరానికి మించి బిగుసుకుని, సరిగా సడలవు. సార్కోమియర్ ప్రోటీన్ల జన్యువుల్లో మార్పులు ఇందుకు ముఖ్య కారణం. ఇలా మందమైన గోడ రక్తం బయటకు వెళ్లే దారికి అడ్డుపడుతున్న పెద్దవారి కోసం 2022లో అమెరికా అనుమతించిన మావాకామ్టెన్, గుండె మయోసిన్ మీదే పనిచేస్తుంది. ఆక్టిన్‌ను పట్టుకోగల తలల సంఖ్యను తగ్గిస్తుంది. మోతాదు మించితే గుండె రక్తాన్ని నెట్టే బలమే పడిపోతుంది కాబట్టి, మందు వాడుతున్నంత కాలం ఎకో పరీక్షలు చేయిస్తూ మోతాదు సరిచూడాల్సి ఉంటుంది.